నాలిక చేప తల ఎటువైపు

నా చిన్నప్పుడు నా ఎడమచేతికి ఒక గుడ్డపేలిక కట్టి ఉండేది. దెబ్బ తగిలి కాదు. ఆ చెయ్యి నా మాట వినేది గానీ మా అమ్మ మాట వినేది కాదు. అందుకని కట్టేది.

మొన్న ఆదివారం, మనవలూ, మీరిద్దరూ అన్నం తింటూ ఫోన్‌లో కనిపించారు. పెద్దాడు బడి సంగతులేవో చెబుతున్నాడు. చిన్నది పక్కన కూర్చుని ఎడమచేత్తో ముద్ద ఎత్తింది. మీ అమ్మ ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. గట్టిగా కాదు, నేను చూశాను. కానీ చిన్నది ముద్ద కంచంలో వదిలేసి, నాకు కనబడకుండా పక్కకి జరిగిపోయింది. ఫోన్ పెట్టేశాక కూడా నా మనసు అక్కడే ఉండిపోయింది. మీకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు కదా, అందుకని నేను చెబితే మీ అత్త రికార్డు చేసి మీరుండే వేరావల్‌కి పంపుతానంది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వినండి. మీ అమ్మ కూడా వింటే మంచిదే.

ఇప్పుడు నేను అనకాపల్లిలో మీ అత్త దగ్గరున్నాను గానీ, నేను పుట్టి పెరిగింది రాజయ్యపేటలో. ఇంటి ముందు ఇసక, ఇసక దాటితే సముద్రం. ఇంట్లో అమ్మ, తాతయ్య, చిన్నాన్న, నేను. మా నాన్న ఆ రోజుల్లో ఒడిశా వైపు పడవల మీద పనికి వెళ్ళి ఉండేవాడు, ఇప్పుడు మీ నాన్న గుజరాత్ వెళ్ళినట్టే. చిన్నాన్న తెప్ప మీద వేటకి వెళ్ళేవాడు. తాతయ్య అంటే మా నాన్న నాన్న. మోకాళ్ళు పట్టేసి సముద్రం మానేశాడు. పొద్దస్తమానం ఇంటి ముందు తాటాకు పాకలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేస్తూ ఉండేవాడు. అమ్మ తెల్లారే ఒడ్డుకి వెళ్ళి, చేపలు గంపకెత్తుకుని బస్సులో అనకాపల్లి తెచ్చి అమ్మేది.

మా అమ్మని చెడ్డదనుకోకండి. ఆవిడ భయం ఆవిడది. పొద్దున్నే మొదటి బేరానికి వచ్చిన మనిషికి ఎడమచేత్తో చేప అందిస్తే మొహం తిప్పుకుని పోతారు. పేరంటంలో ఎడమచేత్తో పసుపు ఇస్తే పుచ్చుకోరు. నాలుగిళ్ళు తిరిగి అమ్ముకునే మనిషికి నలుగురూ ఏమంటారన్నదే పెద్ద సముద్రం. నేను అన్నం ఎడమచేత్తో తినేదాన్ని, ముగ్గు ఎడమచేత్తో వేసేదాన్ని, పలక మీద అక్షరాలూ అంతే. "పుర్రసెయ్యి గుంట" అనేవాళ్ళు ఊళ్ళో, ఎడమచేతివాటం పిల్ల అని. అమ్మ తన పాత చీర అంచు చింపి, నా ఎడమచేతి వేళ్ళన్నీ కలిపి చుట్టి, మణికట్టు దగ్గర ముడి వేసేది. అన్నం వేళకి కట్టి, అన్నం అయ్యాక విప్పేది. నాకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఆ కట్టు అలవాటైపోయింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి భయం లేకుండా తిరిగేది తాతయ్య పాకలో మాత్రమే.

తాతయ్య నాకు వల కట్టడం నేర్పలేదు. నేనే చూసి నేర్చుకున్నాను. ఆయనకి ఎదురుగా కూర్చునేదాన్ని. ఆయన కుడిచేత్తో వెదురు సూది ఎటు తిప్పితే, నేను ఎడమచేత్తో అటు తిప్పేదాన్ని. అద్దంలో చూసుకున్నట్టు ఉండేది. ఒకరోజు నేను వేసిన ముడి చేతిలోకి తీసుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, నవ్వి వదిలేశాడు. ఆయన ముడులు ఒక వైపుకి వాలితే నావి రెండో వైపుకి వాలేవి. తప్పని గానీ ఒప్పని గానీ అనలేదు.

ఆ ఏడాదే మా ఊళ్ళోకి నైలాన్ దారం వచ్చింది. అంతకుముందు అన్నీ నూలు వలలు. చిన్నాన్న ఎంతో కష్టపడి సముద్రం అడుగున వేసే నైలాన్ వల ఒకటి తెచ్చుకున్నాడు. దాన్ని చంటిపిల్లని చూసుకున్నట్టు చూసుకునేవాడు. ఇంట్లో తిండి గింజలన్నీ ఆ వల మీదే ఆధారపడి ఉన్నాయి. అది ఒకనాడు అడుగున రాయికి పట్టుకుని రెండు జానల మేర చిరిగింది. మర్నాడు తెల్లారేసరికి మళ్ళీ వెయ్యాలి. తాతయ్య మధ్యాహ్నం బాగుచెయ్యడానికి కూర్చున్నాడు గానీ ఒక్క ముడీ వెయ్యకముందే చలిజ్వరం వచ్చి పడుకున్నాడు. చిన్నాన్న తెప్పకి కట్లు కట్టుకోవడానికి ఒడ్డుకి వెళ్ళాడు. అమ్మ అనకాపల్లిలో ఉంది.

నేనూ వలా మిగిలాం. తాతయ్య నిద్ర లేచేసరికి పని అయిపోయి ఉంటే ఎంత బాగుంటుంది అనిపించింది. సూది తీసుకుని కూర్చున్నాను. ఎంత సంబరంగా కట్టానో! గళ్ళు సరిగ్గా కొలతకి వచ్చాయి. సగం అయ్యేసరికి ఎండ వాలింది, అమ్మ బస్సు వచ్చే వేళయింది. అమ్మ చూస్తే సూది లాగేసుకుంటుందని చెయ్యి పరుగెత్తించాను. చివరి ముడి వేసి, వల మడత పెట్టి, పీట ఎక్కి సూది చూరులో దోపి, ఏమీ ఎరగనట్టు గడప మీద కూర్చున్నాను. సాయంత్రం తాతయ్య లేచి వల చూశాడు. నా వైపు చూశాడు. జ్వరం కళ్ళకి ఆ ముడులు ఎంతవరకు కనబడ్డాయో తెలీదు. తనే కట్టినట్టు ఊరుకున్నాడు.

మర్నాడు చిన్నాన్న తిరిగొచ్చేసరికి నేను ఒడ్డునే ఉన్నాను. తెప్ప ఇసకకి తగలకముందే ఆయన మొహం చూసి రెండడుగులు వెనక్కి వేశాను. వలలో నేను కట్టిన చోట మనిషి దూరేంత కంత ఉంది. పడిన చేపలో సగానికి సగం అందులోంచి పోయింది. చిన్నాన్న వల ఇసక మీద పరిచి, కంత అంచున మిగిలిన ముడులు వేళ్ళతో తడిమాడు. అవి రెండో వైపుకి వాలి ఉన్నాయి.

"ఇయ్యెవులేసేరు? మా నాన్న ముడి కాదిది" అన్నాడు. ఆ తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. నా చెయ్యి వీపు వెనక్కి పోయింది. ఆ పోవడంలోనే ఆయనకి తెలిసిపోయింది. "పుర్రసేత్తో వల ముట్టుకున్నావేటే? గంగమ్మతల్లికి ఎడమసెయ్యి సూపించేవా? ఇంక సేప ఏటి పడతాది!"

ఒడ్డున చేపల కోసం నిలబడ్డ ఆడవాళ్ళందరూ విన్నారు. మా అమ్మ కూడా విన్నది. నన్ను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి కట్టు కట్టింది. ఈసారి అన్నం వేళకి మాత్రమే కాదు. పొద్దున లేవగానే కట్టి, పడుకునేముందు విప్పడం. నీళ్ళు పోసుకునేటప్పుడు కూడా ఆ గుడ్డ తడిసి చేతికి అతుక్కుని ఉండేది.

మూడు రోజులు గడిచాయి. నేను పాకలోకి వెళ్ళడం మానేశాను. నన్ను బాధపెట్టింది కట్టు కాదు పిల్లలూ. చిన్నాన్న అన్నది నిజమేనని నేను నమ్మాను, అదీ నన్ను తినేసింది. నా చేతివల్లే చేప పోయింది, నా చేతివల్లే అమ్మ గంప సగం ఖాళీగా అనకాపల్లి వెళ్ళింది అనుకున్నాను. మూడో రోజు సాయంత్రం తాతయ్య నన్ను పిలిచి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. జ్వరం తగ్గి ఒళ్ళు చల్లగా ఉంది. నేను కట్టు చూపించి, "తాతా, దీన్ని ఇలాగే కట్టేసి ఉంచితే కొన్నాల్లకి ఎండిపోయి రాలిపోతాదేటి? మొక్కకి కొమ్మ రాలిపోయినట్టు?" అని అడిగాను. నిజంగానే అడిగాను. రాలిపోతే బాగుండునని ఆశ.

తాతయ్య నా కట్టు చెయ్యి తన రెండు చేతుల మధ్య పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున తాతయ్య కర్ర పట్టుకుని ఒడ్డుకి బయల్దేరాడు. ఇసకలో నడవలేక ఆయన ఒడ్డుకి రావడం మానేసి అప్పటికి రెండేళ్ళు. నా భుజం పట్టుకుని, నాలుగడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. చిన్నాన్న తెప్ప వచ్చింది. పాత నూలు వల వేసినట్టున్నాడు, చేప తక్కువే పడింది. ఆ గుట్టలో తాతయ్య కర్రతో వెతికి రెండు పెద్ద నాలిక చేపల్ని పక్కకి లాగించాడు.

మీరు ఆ చేప చూశారో లేదో. నాలికలాగే బల్లపరుపుగా ఉంటుంది. చిన్నరకం నాలిక చేపలు అరచేతంత ఉంటాయి, ఇది పెద్దరకం. ఆ రోజు పడ్డవి ఒక్కొక్కటి మూరకి పైన ఉన్నాయి. పైన ఒక పక్క బురద రంగు, అడుగు పక్క తెల్లగా పాలిపోయినట్టు. రెండు కళ్ళూ బురద రంగు పక్కనే ఉంటాయి. తెల్ల పక్క గుడ్డిది. నోరు పెద్దది, నోటి నిండా సూదుల్లాంటి పళ్ళు. మా అమ్మ వాటిని చూడగానే గంపలో వెయ్యడానికి వంగింది, అనకాపల్లిలో ఆ చేప అడిగి మరీ కొనేవాళ్ళు. తాతయ్య కర్ర అడ్డం పెట్టాడు.

తడి ఇసక మీద కర్రతో ఒక గీత గీసి, చిన్నాన్నని పిలిచాడు. "ఈ గీత మీద రెండిట్నీ వరసగా పడుకోబెట్రా. కల్లు ఆకాశం సూడాల. పొట్టలు మనేపుండాల. తలలు రెండూ ఒక్కేపుకే ఉండాల."

"ఇదేటి ఆట నాన్నా, వదిన బస్సెల్లిపోద్ది!"

"ఒక్క నిమసం పనిరా. సముద్రంలో సేపలు పట్టినోడివి, ఒడ్డు మీద రెండు సేపల్ని పడుకోబెట్టనేవేటి?"

ఆడవాళ్ళు నవ్వారు. చిన్నాన్నకి రోషం వచ్చింది. మొదటి చేపని పడుకోబెట్టాడు. కళ్ళు పైకి, పొట్ట మా వైపుకి. తల కుడివైపుకి వచ్చింది. రెండోది పక్కన పెట్టాడు. కళ్ళు పైకి, పొట్ట మా వైపుకి. దాని తల ఎడమవైపుకి వెళ్ళింది. తల పట్టుకుని కుడివైపుకి తిప్పాడు. పొట్ట సముద్రం వైపుకి పోయింది. పొట్ట ఇటు తిప్పాడు, తల మళ్ళీ ఎడమకి పోయింది. మూడుసార్లు తిప్పాడు. ఒకావిడ "మరిదీ, దానికి దిష్టి తియ్యి, అప్పుడింటాది" అంది. ఇంకొకావిడ "దానికీ మీ గుంటలాగే మాటినడం రాదు" అంది. ఆ మాటకి నేను తాతయ్య పంచె వెనక్కి పోయాను.

చివరికి చిన్నాన్న విసుగెత్తి దాన్ని తిరగేసి పెట్టాడు. ఇప్పుడు తల కుడివైపుకి ఉంది, పొట్ట మా వైపు ఉంది. "అయిపోనాది!" అన్నాడు. కానీ పైకి వచ్చింది గుడ్డి పక్క. తెల్లగా, కళ్ళు లేకుండా ఉంది.

"బాగుందిరా" అన్నాడు తాతయ్య. "నువ్వు సెప్పినట్టే ఇనింది. తల అందరితోపాటే పెట్టింది. మరి దాని కల్లేవి?"

"కల్లా... కిందున్నాయి. ఇసకలో."

తాతయ్య కర్ర పక్కన పడేశాడు. ఆయన మోకాళ్ళు వంగవు, అయినా వంగాడు. ఆ చేపని మళ్ళీ తిరగేసి, తల ఎడమవైపుకే పోనిచ్చాడు. గుంటలో నిలిచిన సముద్రపు నీళ్ళు దోసిట్లో తీసుకుని, దాని కళ్ళల్లో పడ్డ ఇసక మెల్లగా కడిగాడు. చచ్చిన చేప కళ్ళు పిల్లాడి కళ్ళలా కడగడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఒడ్డు మీద నవ్వు ఆగిపోయింది. మా అమ్మ గంప పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తాతయ్య తలెత్తకుండానే మా అమ్మని అడిగాడు. "ఇన్నేల్లు అమ్మేవు కదమ్మా. తల ఎడమేపున్న సేప సేదుగుందని ఎవులైనా ఎనక్కి తెచ్చేరేటి?"

"నేదు మావా" అంది అమ్మ.

అప్పుడు తాతయ్య నన్ను ముందుకి లాగి, ఆ రెండు చేపల పక్కన ఇసకలో కూర్చోబెట్టి చెప్పాడు. చెప్పింది నాకే, కానీ అందరూ విన్నారు. ఆ చేప పుట్టినప్పుడు ఇలా ఉండదట. అన్ని చేపల్లాగే అటొక కన్ను ఇటొక కన్ను ఉండి, నిలువుగా ఈదుతుందట. ఒళ్ళు గాజుపెంకులా అవతలిది కనబడేలా ఉంటుందట. రొయ్యపిల్లల వలలో అలాంటి పిల్లల్ని వాళ్ళ నాన్న ఆయనకి చూపించాడట. కాస్త పెరిగేసరికి ఒక కన్ను ఉన్నచోట ఉండలేక నడక మొదలుపెడుతుంది. రోజూ కొంచెం కొంచెంగా నెత్తి మీదకి ఎక్కుతుంది. కళ్ళు లేని పక్క కిందకి పెట్టి చేప అడుగున పడుకుంటుంది. చిన్నరకం నాలిక చేపల్లో అన్నిటికీ కళ్ళు ఒకే పక్కకి వస్తాయి. ఈ పెద్ద చేపకి మాత్రం అలా కాదు. ఒకదానికి కుడిపక్కకి, ఒకదానికి ఎడమపక్కకి. ఒకే తల్లి పిల్లలే. ఎటు వచ్చినా బతుకు ఒకటే. ఇసక మీద పడుకుంటే ఇసక రంగు, బురద మీద పడుకుంటే బురద రంగు. ఒంటి మీద ఇంత ఇసక జల్లుకుని కళ్ళు రెండే బయట పెట్టి కాసుకుని కూర్చుంటుంది. తిండి దగ్గరికొస్తే లేచి పట్టేస్తుంది. కుడి చేప ఆకలితో పస్తుండదు, ఎడమ చేప ఎక్కువ తినదు.

"ఇంకోటి సూడు" అని నా కట్టు లేని కుడిచేతి వేలు పట్టుకుని ఆ చేప తల మీద పెట్టించాడు. పై కన్ను పూర్తిగా ఇవతలికి రాలేదు. నెత్తి గట్టు మీదే ఆగిపోయింది. "ఇది సగం దారిలో నిలబడిపోయిన కన్ను. అందుకే ఇది పడుకోనూ గలదు, కావాలంటే మిగతా సేపల్లాగ నిలువుగా ఈదనూ గలదు. రెండూ సేతనవును దీనికి." ఆ మాట అప్పుడు నాకు సగమే అర్థమైంది.

చిన్నాన్న ఊరుకోలేదు. "అయితే నా వలెందుకు సిరిగింది? సేపలు సరే, వల సంగతి సెప్పు" అన్నాడు. ఆయన అడిగింది న్యాయమే. తాతయ్య కూడా అదే అన్నాడు. ఇంటికి పోయి ఆ నైలాన్ వల పరిపించాడు. కంత అంచున మిగిలిన నా ముడి ఒకటి నాచేతే లాగించాడు. అది సర్రున జారి ఊడిపోయింది. నాకు ఏడుపొచ్చింది. తాతయ్య నా ఏడుపు చూసి జాలిపడి ఏమీ మార్చి చెప్పలేదు. "ముడి జారింది. అబద్దమాడకూడదు" అన్నాడు. తర్వాత తనే నూలు దారంతో వేసినట్టు కుడిచేత్తో ఒక ముడి నైలాన్ మీద వేసి, దాన్నీ నాచేత లాగించాడు. అదీ అలాగే సర్రున ఊడిపోయింది.

నూలు తడిస్తే ఉబ్బి ముడిని పట్టేసుకుంటుంది. నైలాన్‌కి ఆ గుణం లేదు. దానికి ఇంకో చుట్టు ఎక్కువ వెయ్యాలి, వేశాక రెండుసార్లు లాగి బిగించాలి. నేను చూసి నేర్చుకున్నవన్నీ నూలు ముడులు. నైలాన్ మీద తాతయ్య కట్టడం నేను చూడనే లేదు. పైగా అమ్మ బస్సు వచ్చేస్తుందని తొందరపడ్డాను. తాతయ్య నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు, గట్టిగానే. "తప్పు నీ సేతిది కాదే. నీ తొందరది. అడక్కుండా సేసినందుకు ఇది" అన్నాడు. ఆ మొట్టికాయ ఎంత హాయిగా తగిలిందో మీకు చెప్పలేను. తప్పు చేస్తే పడే మొట్టికాయ అది, అందరు పిల్లలకీ పడేదే. పుర్రచెయ్యి అయినందుకు పడింది కాదు.

అమ్మ గంప చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడి ఇదంతా చూస్తూనే ఉంది. బస్సుకి వేళ మించిపోతోంది. గంప ఎత్తుకోబోయి చూసుకుంటే నెత్తి మీద పెట్టుకునే చుట్టకుదురు లేదు, ఒడ్డునే మర్చిపోయినట్టుంది. గంప దింపి నా దగ్గరికొచ్చింది. నా చేతి కట్టు విప్పడం మొదలుపెట్టింది. మూడు రోజులుగా తడిసి ఎండిన గుడ్డ, ముడి ఊడిరాలేదు. పళ్ళతో లాగి విప్పింది. ఆ గుడ్డని గుండ్రంగా చుట్టి, నెత్తి మీద పెట్టుకుని, దాని మీద గంప ఎత్తుకుంది. గంపలో పైన ఆ రెండు నాలిక చేపలూ ఉన్నాయి, ఒకటి అటు తల పెట్టి, ఒకటి ఇటు తల పెట్టి.

"అన్నం మాత్రం కుడిసేత్తోనే తినాల" అంది, నా మొహం చూడకుండా. "మిగతాయి నీ ఇష్టం."

"ఊఁ" అన్నాను.

అమ్మ వెళ్ళాక నా చెయ్యి చూసుకున్నాను. వేళ్ళు తెల్లగా, నాని నాని ముడతలు పడి ఉన్నాయి. అచ్చం ఆ చేప అడుగు పక్కలాగే. తాతయ్య సూది నా చేతికి ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఇద్దరం కలిసి ఆ కంత మూశాం. ఒక చుట్టు ఎక్కువ, రెండుసార్లు లాగడం. ఆయన ముడులు అటు వాలాయి, నావి ఇటు వాలాయి. మర్నాడు చిన్నాన్న ఆ వల తీసుకెళ్ళేముందు నా ముడులన్నీ ఒక్కొక్కటీ కాలితో తన్ని పట్టి లాగి చూసుకున్నాడు. ఒక్కటీ కదల్లేదు. "సరే, సూద్దాం" అన్నాడు అంతే. ఆ వల తర్వాత చాలా చోట్ల చిరిగింది గానీ అక్కడ చిరగలేదు. కొన్నాళ్ళకి వల పాడైనప్పుడల్లా చిన్నాన్న వీధి చివర్నుంచే "ఓలే పుర్రసెయ్యీ, ఇలగ రాయే!" అని కేకేసేవాడు. అదే మాట, కానీ గొంతు వేరు. పిలిస్తే పరుగెత్తేదాన్ని.

అమ్మ మళ్ళీ ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. క్షమించమనీ అనలేదు, మంచిదైందనీ అనలేదు. కానీ వెదురు సూది ఎప్పుడూ చూరులో కుడివైపు దోపి ఉండేది కదా, ఒకరోజు చూస్తే ఎడమవైపు, నా చెయ్యి అందేంత కిందికి దోపి ఉంది. ఇంట్లో నాకంటే పొట్టివాళ్ళు ఎవరూ లేరు. ఎవరు పెట్టారని నేను అడగలేదు.

పెద్దయ్యాక నేనూ గంప ఎత్తుకున్నాను, అమ్మలాగే అనకాపల్లి వచ్చి అమ్మాను. ఒకసారి చేపల చదువు చదివే అమ్మాయి ఒకతె కొలబద్ద పట్టుకుని ఒడ్డుకి వచ్చింది. ఒక్కో నాలిక చేపని తిప్పి చూసి పుస్తకంలో రాసుకుంటోంది. ఈ పెద్దరకంలో కుడివీ ఎడమవీ ఇంచుమించు సమానంగానే ఉంటాయి మామ్మా అని చెప్పింది. దీని గుడ్లు నీటి మీద తేలుతూ పోతాయనీ, అడుగున బతికే చేప అయినా పుట్టేది పైన వెలుతురులోననీ చెప్పింది. మా తాతయ్య చెప్పిన కన్ను నడక సంగతి నేను చెబితే, ఆ అమ్మాయి రాయడం ఆపి, "ఆయన ఏం చదివారు?" అని అడిగింది. వలలు చదివాడమ్మా అన్నాను.

చిన్నదానా, ఇప్పుడు నీకు చెబుతున్నాను. అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకో, మీ అమ్మ కోసం. నేను నేర్చుకున్నాను, అంత కష్టమేమీ కాదు. నలుగురిలో కూర్చోవాలంటే ఆ కన్నులాగ సగం దారి మనమూ నడవాలి. బొమ్మలు వేసినా, రాసినా, బంతి విసిరినా, ఆ చెయ్యి ఎటు వెళ్తే అటు వెళ్ళనీ. దాన్ని పక్కకి దాచుకోకు. వచ్చే ఆదివారం ఫోన్‌లో ఆ చెయ్యి నాకు చూపించు, చాలు. మీ అమ్మ భయం నాకు తెలుసు, ఆ భయం ఉన్న తల్లి కడుపునే నేనూ పుట్టాను. మీ అమ్మని ఏమీ అనకండి.

మా తాతయ్య పోయి ఎన్నేళ్ళయిందో లెక్క పెట్టలేదు. ఆ పాకా లేదు, ఆ వలా లేదు. ఇప్పుడు నేను కట్టేవి బియ్యం సంచి మూతి, మీ అత్త కూతురి జడకి రిబ్బను, సాయంత్రం నాలుగు మల్లెపూలు. ఏ ముడి వేసినా రెండుసార్లు లాగి చూస్తాను. మీ అత్త నవ్వుతుంది, పూలు నలిగిపోతాయమ్మా అంటుంది. నలిగినా లాగుతాను. రెండోసారి లాగేటప్పుడు తాతయ్య నాకెదురుగా ఇసకలో కూర్చుని ఉంటాడు. ఆయన కుడిచెయ్యి, నా ఎడమచెయ్యి ఒక్కసారే బిగిస్తాయి.